రికార్డులో ఎడమ పేజీ

మన కాలేజీలో ఎవరి సి ల్యాబ్ రికార్డయినా తీసి చూడండి. ఎయిమ్, అల్గారిథమ్, ప్రోగ్రామ్, అవుట్‌పుట్, చివర్లో అందరికీ నోటికొచ్చిన ఆ ఒక్క లైను: దస్ ది ప్రోగ్రామ్ ఈజ్ ఎగ్జిక్యూటెడ్ సక్సెస్‌ఫుల్లీ. మొదటి ఎక్స్‌పరిమెంట్ కిందా అదే, ఆఖరి దాని కిందా అదే. బయటివాళ్లెవరన్నా ఈ రికార్డులు చూస్తే, ఈ బ్యాచ్ పిల్లలంతా ఒక్క తప్పు కూడా చేయకుండా పాయింటర్లు నేర్చేసుకున్నారనే అనుకోవాలి.

ల్యాబ్‌లో కూర్చున్న మనకి తెలుసు కదా అసలు కథ. ఫర్ లూప్ లైను చివర పొరపాటున సెమికోలన్ పెట్టి, లూప్ పదిసార్లు తిరగాల్సింది ఒక్కసారే ఎందుకు ప్రింట్ చేస్తుందో తెలీక గంటన్నర కూర్చున్నాం. స్కాన్‌ఎఫ్‌లో ఆంపర్సాండ్ మర్చిపోయి, నంబర్ కొట్టి ఎంటర్ నొక్కగానే ప్రోగ్రామ్ చచ్చిపోతే సిస్టమ్‌దే తప్పని సీటు మార్చాం. ఇఫ్‌లో రెండు ఈక్వల్స్ బదులు ఒకటే పెట్టి, కండిషన్ ప్రతిసారీ నిజమే అవుతుంటే దేవుడా అనుకున్నాం. ఆ మధ్యాహ్నాల్లో నేర్చుకున్నది ఇప్పటికీ గుర్తుంది. రికార్డులో రాసిందేమో రాసిన రోజే మర్చిపోయాం. చిత్రం ఏంటంటే, గుర్తున్నదానికి రికార్డులో చోటు లేదు, మర్చిపోయినదానికి మార్కులున్నాయి.

నేను ఈ వ్యాసంలో అడగబోయేది ఒక చిన్న మార్పు. అది చెప్పేముందు రెండు తప్పుల గురించి చెప్పాలి. ఒకటి నేను చేసింది, రెండోది మా నాన్న చేసింది. రెండో దాంట్లో నా పాపమే ఎక్కువ.

మాది నిజాంపట్నం. మ్యాప్‌లో చూస్తే రేపల్లె కింద, సముద్రం ఒడ్డున ఉంటుంది. ఒకప్పుడు గుంటూరు జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. 1611లో ఇంగ్లీషు కంపెనీ ఓడ మా ఊళ్లో ఆగి, తర్వాత మచిలీపట్నం వెళ్లింది అని చరిత్ర పుస్తకాల్లో ఉంటుంది. ఇప్పుడు మా ఊరంటే హార్బర్, చేపలు, మడ అడవులు. కంప్యూటర్ నేర్చుకోవాలంటే మాత్రం రేపల్లె పోవాలి.

ఇంటర్ పరీక్షలు అయిపోయాక రేపల్లెలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో చేరా. చెప్పులు బయట విడవాలి. మానిటర్ మీద గుడ్డ కప్పి ఉండేది, అది తీయడం కూడా సారే తీయాలి. మొదటి రోజు సార్ చెప్పిన మొదటి మాట: "నేను చెప్పింది తప్ప ఇంకేం ముట్టుకోవద్దు." అప్పటిదాకా నేను కంప్యూటర్ ముందు కూర్చోలేదు కాబట్టి అది కరెంటు వైరు లాంటిదేమో అనుకున్నా.

మూడో రోజో నాలుగో రోజో, టైపింగ్ చేస్తూ ఏవో మూడు కీలు ఒకేసారి నొక్కినట్టున్నా. స్క్రీను మొత్తం తలకిందులైపోయింది. అక్షరాలు తలకిందులు, మౌస్ ఇటు కదిపితే బాణం అటు పోతోంది. ఇప్పుడు తెలుసు, కొన్ని సిస్టమ్స్‌లో కంట్రోల్, ఆల్ట్, కింది బాణం కలిపి నొక్కితే స్క్రీను తిరుగుతుందని. పైబాణంతో నొక్కితే మామూలైపోతుంది. అప్పుడు తెలీదు. చేతులు చల్లబడిపోయాయి. మానిటర్ ఖరీదెంతో, నాన్న ఎన్ని ట్రిప్పులు వేటకెళ్లాలో లెక్క కట్టేశా. పక్కనున్న అమ్మాయికి కూడా చెప్పలేదు. పది నిమిషాలు అట్టాగే కూర్చున్నా.

సార్ చూశారు. వచ్చారు. "ఏం ముట్టుకున్నావ్?" అని గట్టిగా అడిగి, నన్ను లేపి, నా కుర్చీలో కూర్చుని, ఆయన వీపు నాకు అడ్డంగా ఉండగా ఏదో నొక్కారు. రెండు సెకన్లలో స్క్రీను సరైపోయింది. "చెప్పింది మాత్రమే చెయ్" అని వెళ్లిపోయారు.

ఆయన చెడ్డవాడేం కాదు. పది సిస్టమ్స్ మీద ముప్పై మందికి నేర్పాలి, ఒకటి పాడైతే ఆయన జేబులోంచే పోతుంది. కానీ ఆ రోజు నాకు జరిగింది ఏంటో చూడండి. నేను తప్పు చేశా. దాన్ని సరిచేసే దారి రెండు సెకన్లది. ఆ రెండు సెకన్లే నాకు కనపడలేదు. తప్పు నాకు మిగిలింది, దిద్దుబాటు ఆయన దగ్గరే ఉండిపోయింది. ఆ తర్వాత కోర్సు అయ్యేదాకా నేను చెప్పింది తప్ప ఒక్క కీ కూడా నొక్కలేదు. సర్టిఫికెట్ వచ్చింది. భయం కూడా దాంతోపాటే వచ్చింది.

ఇప్పుడు రెండోది.

బీటెక్ మొదటి సంవత్సరం అయ్యాక వేసవికి ఇంటికెళ్లా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మా వైపు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి మర బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. ఆ 61 రోజులూ మా నాన్న ఇంట్లో దొరుకుతాడు. నాన్న బోటు మీద సరంగు. చేతిలో పట్టేంత జీపీఎస్ డబ్బా ఒకటుంది, నిషేధం రోజుల్లో దాన్ని ఇంటికి తెచ్చి బీరువాలో పెడతాడు. దాంట్లో ఆయన మార్కులుంటాయి. ఎక్కడ చేప పడుతుందో కొన్ని, ఎక్కడ అడుగున ఏదో ఉండి వల తగులుకుని చిరుగుతుందో కొన్ని. నలభై పైచిలుకు మార్కులు. ఒక్కొక్క దాని వెనకా ఒక వేట ఉంది, కొన్నిటి వెనక చిరిగిన వల ఉంది.

నాన్న ఐదో తరగతి దాకా తెలుగులో చదివాడు. ఆ డబ్బాలో మెనూలన్నీ ఇంగ్లీషు. మార్కులకి అంకెలు కాకుండా పేర్లు పెట్టుకోవాలని ఆయన కోరిక. "ఎట్టా పెట్టాలో చూపించమ్మాయ్" అన్నాడు. నేను సీఎస్‌ఈ కదా, డబ్బా లాక్కుని రెండు నిమిషాల్లో నాలుగు పేర్లు పెట్టేశా. ఆయన చెయ్యి చాపితే, "నువ్వు ముట్టుకోమాకు నాన్నా, ఏదన్నా పోద్ది. నేను చేస్తాగా" అన్నా.

వారం తర్వాత అమ్మ అంది, మీ నాన్న రెండ్రోజుల్నుంచి అన్నం సరిగ్గా తినట్లేదు అని. అడిగితే ఏం లేదన్నాడు. మళ్లీ అడిగితే బీరువాలోంచి డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టాడు. మార్కుల లిస్టు ఖాళీ. రాత్రి మేమంతా పడుకున్నాక ఒక్కడే కూర్చుని పేరు పెట్టబోయాడట. మెనూలో ఏదో తగిలింది, అది ఏదో అడిగింది, ఎస్ అన్నాడు. అన్నీ పోయినాయ్.

"ఎందుకు చెప్పలేదు నాన్నా?"

"ముట్టుకోమాకు అన్నావుగా."

నాకు రేపల్లెలో తలకిందులైన స్క్రీను గుర్తొచ్చింది. అక్కడ సార్ నాకు చేసింది ఇక్కడ నేను మా నాన్నకి చేశా, అదీ ఒక మెట్టు పైన. సార్‌కి పది సిస్టమ్స్ బాధ ఉంది. నాకు ఏ బాధా లేదు, తొందర తప్ప.

పోయినవన్నీ తిరిగి రాలేదు, అది కూడా చెప్పాలి. పాత క్యాలెండర్ వెనక నాన్న రాసుకున్నవి కొన్ని దొరికాయి. తోటి సరంగుల డబ్బాల్లోంచి కొన్ని రాసుకొచ్చాడు. మిగతావి పోయినట్టే. వాటిని మళ్లీ సముద్రంలోనే వెతుక్కోవాలి. కానీ ఆ తర్వాత మా ఇంట్లో జరిగిందే నాకు ఏ సబ్జెక్టులోనూ చెప్పలేదు. ఒక రెండొందల పేజీల పుస్తకం కొన్నాం. దొరికిన ప్రతి మార్కూ డిగ్రీలు, నిమిషాలతో సహా అందులో రాశాం. అది అయ్యాక డబ్బా ఆయన చేతికే ఇచ్చి, "ఒక మార్కు చెరిపెయ్ నాన్నా" అన్నా. నమ్మలేదు. చెరిపాడు. పుస్తకం చూసి మళ్లీ ఎక్కించాడు. ఇంకోటి చెరిపాడు, మళ్లీ ఎక్కించాడు. రోజూ సాయంత్రం అదే పని. నాలుగో రోజుకి, ఆ డబ్బాలో ఎటు పోయామో గీతలా దాచే ఏర్పాటు ఒకటుందని ఆయనే నాకు చూపించాడు. అది నాకు తెలీదు. చెరిగినా పర్లేదని తెలిశాక ఆయన మెనూలన్నీ తిరిగేశాడు మరి.

మొత్తం నా వాదన ఇందులోనే ఉంది. ఆయనకి నేర్పింది తప్పు ఒక్కటే కాదు. మొదటిసారి కూడా తప్పు చేశాడు, దానివల్ల రెండ్రోజులు అన్నం మానేయడం తప్ప ఏం రాలేదు. తిరిగి రాగలిగే దారి చేతిలో పెట్టుకుని చేసిన తప్పు నేర్పింది. తప్పుల వల్లే నేర్చుకుంటాం అని స్టేజీ మీద అందరూ అంటారు. సగం మాటే అది. తప్పు, దాన్నుంచి బయటపడటం, ఈ రెండూ ఒకే మనిషి చేతుల మీదుగా జరిగితేనే చదువు అవుతుంది. తప్పు నాది, దిద్దుబాటు ఇంకొకరిది అయితే మిగిలేది సిగ్గే.

ఇదేదో మా ఇంటి కథ చూసి చెప్పేస్తున్నా అనుకోకండి. కంప్యూటర్ నేర్చుకునేవాళ్ల తప్పుల మీద నలభై ఏళ్లుగా పరిశోధన జరుగుతోంది. 1980లలో ఐబీఎంలో జాన్ కారొల్ అనే ఆయన, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు వర్డ్ ప్రాసెసర్ నేర్చుకోవడాన్ని దగ్గరగా గమనించాడు. వాళ్లకి కష్టం తప్పు నొక్కడంలో కాదు, తప్పు నొక్కాక ఏదో తెలియని చోట ఇరుక్కుపోవడంలో వస్తోంది. అందుకని 1984లో ఆయన బృందం ఒక ప్రయోగం చేసింది. చిన్నపిల్లల సైకిలుకి పక్కన రెండు చిన్న చక్రాలు బిగిస్తాం చూడండి, దాని పేరే పెట్టారు. కొత్తవాళ్లు తరచూ ఇరుక్కుపోయే ఆప్షన్లు మెనూలో కనపడతాయి, కానీ నొక్కితే ఇప్పుడు ఇది లేదు అని చెప్పి వెనక్కి వదిలేస్తాయి. అట్టా నేర్చుకున్నవాళ్లు త్వరగా పని మొదలుపెట్టారు, తప్పుల్లో తక్కువ సమయం పోగొట్టుకున్నారు, ఆ తర్వాత పరీక్షలోనూ బాగా చేశారు. గమనించండి, వాళ్లు తప్పు చేయనిచ్చారు. తప్పులో ఇరుక్కోనివ్వలేదు, అంతే.

ఆ తర్వాత జర్మనీలో మైకేల్ ఫ్రేసే అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఇంకో అడుగు వేశారు. 1991లో వచ్చిన వాళ్ల పరిశోధనలో ఒక గుంపుకి ఏ తప్పూ జరక్కుండా అడుగడుగునా ఏం నొక్కాలో రాసిచ్చారు, మన ల్యాబ్ మాన్యువల్ లాగా. ఇంకో గుంపుకి కొంచెం సమాచారం ఇచ్చి, కష్టమైన పని ఇచ్చి, తప్పులు వస్తాయి, రావడం మంచిదే, వస్తే ఏదో కొత్తది తెలుస్తున్నట్టే అని ముందే చెప్పారు. ఇట్టాంటి పరిశోధనలు 24 పోగేసి 2008లో నీనా కీత్, ఫ్రేసే కలిసి లెక్క చూశారు. తప్పులకి చోటిచ్చిన శిక్షణే మొత్తమ్మీద మెరుగని తేలింది. అందులో మనకి ముఖ్యమైన సంగతి వేరే ఉంది. శిక్షణ జరుగుతున్నంతసేపూ తప్పులు చేసే గుంపు ఏమంత బాగా కనపడదు. శిక్షణ అయ్యాక, అదీ అంతకుముందు చూడని కొత్త పని ఇచ్చినప్పుడు, వీళ్లు ముందుకెళ్తారు.

ఒక్క క్షణం ఆగి దీన్ని మన ల్యాబ్‌కి పెట్టి చూడండి. మన మార్కులు ఎప్పుడు పడతాయి? నేర్చుకుంటున్నప్పుడే. వారం వారం అబ్జర్వేషన్‌కి, రికార్డుకి, అప్పటికప్పుడు అవుట్‌పుట్ వచ్చిందా లేదా అన్నదానికి. అంటే తప్పులు చేస్తూ నేర్చుకునేవాడు ఎప్పుడు వెనకబడి కనపడతాడో సరిగ్గా అప్పుడే మనం కొలుస్తున్నాం. వాడు ముందుకెళ్లే రోజున కొలిచే ఇంటర్వ్యూవాళ్లు, మేనేజర్లు వేరే. అందుకే మానిటర్ చూసి కాపీ కొట్టినోడికి పదికి పది, సొంతంగా కుస్తీ పట్టినోడికి పదికి ఆరు. తప్పు ఎవరిదో ఒకరిది కాదు, కొలిచే టైముది.

ఇంక పని చేసే చోట సంగతి. అక్కడ తప్పులుండవని ఎవరన్నా అనుకుంటే గిట్‌ల్యాబ్ కథ వినాలి. మనం ప్రాజెక్టులు పెట్టుకునే సైట్లలో అదొకటి. 2017 జనవరి 31 రాత్రి అక్కడి ఇంజినీర్ ఒకాయన డేటాబేస్ సమస్య ఒకటి సరిచేస్తూ, రెండో సర్వర్‌లో ఉన్నా అనుకుని అసలు సర్వర్‌లో డేటా చెరిపేసే కమాండ్ కొట్టేశాడు. ఒకట్రెండు సెకన్లలో గుర్తించి ఆపాడు. అప్పటికే దాదాపు 300 జీబీలో నాలుగున్నర జీబీ మిగిలింది. బ్యాకప్‌లు ఉన్నాయి కదా అని చూస్తే, ఐదు రకాల ఏర్పాట్లలో ఒక్కటీ సరిగ్గా పనిచేయట్లేదు. చివరికి దాదాపు ఆరు గంటల ముందు చేతితో తీసి పెట్టుకున్న ఒక కాపీ కాపాడింది. ఆ ఆరు గంటల డేటా పోయింది.

వాళ్లు తర్వాత చేసిందే నాకు నచ్చింది. డేటా తిరిగి ఎక్కించడాన్ని యూట్యూబ్‌లో అందరూ చూసేలా లైవ్ పెట్టారు. ఏం జరిగింది, ఎక్కడ లెక్క తప్పాం, ఏం మారుస్తాం అని మొత్తం రాసి బయటపెట్టారు. ఆ ఒక్క మనిషి మీదకి నెట్టేయలేదు. ఒక చేయి జారితే మొత్తం పోయేలా ఏర్పాటు ఎందుకుంది అని అడిగారు. అది చదివి ఎన్ని కంపెనీలవాళ్లు తమ బ్యాకప్‌లు నిజంగా పనిచేస్తున్నాయా అని పరీక్షించుకుని ఉంటారో ఆలోచించండి. బ్యాకప్ ఉండటం వేరు, దాన్నుంచి వెనక్కి రావడం వచ్చి ఉండటం వేరు. మా నాన్న రోజూ సాయంత్రం చేసింది ఆ రెండోదే.

అంత దూరం ఎందుకు. మా ఊరి సముద్రం వెంబడి దక్షిణంగా వెళ్తే శ్రీహరికోట వస్తుంది. 1979 ఆగస్టు 10న అక్కడ్నుంచి లేచిన ఎస్‌ఎల్‌వి-3 మొదటి రాకెట్ ఐదు నిమిషాలకే బంగాళాఖాతంలో పడింది. ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం. విలేకరుల ముందుకి మాత్రం ఇస్రో చైర్మన్ సతీష్ ధవన్ వెళ్లి జవాబు చెప్పారు. ఏడాది తిరక్కుండా 1980 జులై 18న అదే ఎస్‌ఎల్‌వి-3 రోహిణిని కక్ష్యలో పెట్టింది. ఆ రోజు విలేకరులతో మాట్లాడమని ధవన్ కలాంని పంపారు. ఈ కథ మనకి చిన్నప్పట్నుంచి ఎందరో చెప్పారు, నాయకత్వం గురించి చెప్పారు. నాకు మాత్రం మధ్యలో ఉన్న ఆ పదకొండు నెలలు ముఖ్యం. ఎందుకు పడిందో తవ్వడానికి వాళ్లకి టైము ఇచ్చారు, అదే మనుషులకి ఇచ్చారు. వాళ్లని లేపి పక్కన నిలబెట్టి, ఇంకొకరు వచ్చి వీపు అడ్డం పెట్టి సరిచేయలేదు.

ఇక్కడ ఒక ప్రశ్న న్యాయంగా వస్తుంది. తప్పులు చేయనివ్వాలి అంటున్నావు, సముద్రంలో చేయనిస్తారా? ఆసుపత్రిలో, బ్యాంకులో చేయనిస్తారా? చేయనివ్వరు. 1977 నవంబర్ తుపాను సంగతి మా వైపు ఇళ్లలో ఇప్పటికీ గొంతు తగ్గించి చెప్పుకుంటారు. సముద్రం దగ్గర పెరిగినవాళ్లకి తప్పు అంటే సరదా కాదు. అందుకే కదా మా ఊళ్లో పిల్లలు మొదటిసారి తెడ్డు పట్టేది సముద్రంలో కాదు, హార్బర్ పక్క పాయలో. అక్కడ పడవ తిరగబడితే నడుంలోతు నీళ్లు, బురద, నవ్వులు. ఆ బురదలో పదిసార్లు పడినవాడే తర్వాత అల మీద నిలబడతాడు. మన ల్యాబ్ ఆ పాయ లాంటిది. ఇక్కడ ప్రోగ్రామ్ క్రాష్ అయితే ఎవరి జీతమూ ఆగదు, ఎవరి టికెట్టూ పోదు. ఇక్కడ కూడా తప్పు చేయనివ్వకపోతే మన మొదటి తప్పు ఎక్కడ జరుగుతుంది? ఉద్యోగంలో, రాత్రి పదకొండింటికి, అసలు సర్వర్ మీద.

వేట నిషేధం రోజుల్లో హార్బర్ దగ్గర చెట్ల కింద వలలు బాగుచేస్తుంటారు. పనికి కొత్తగా వచ్చిన కుర్రాడికి కొత్త వల ఇవ్వరు, బాగా చిరిగిన పాతది ఇస్తారు. ఎందుకని నాన్నని అడిగా. "చిరుగుంటేనే కదా కుట్టడం వచ్చేది" అన్నాడు. ఇంకో సంగతి కూడా చూపించాడు. చిరుగు కనపడగానే కుట్టడం మొదలుపెట్టకూడదట. ముందు చుట్టూ తెగిన కళ్లని ఇంకొంచెం కోసి, అంచు శుభ్రం చేసుకోవాలి. చిరుగు ఇంకా పెద్దదవుతుంది. అప్పుడే సూది ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. డీబగ్గింగ్ చేసేటప్పుడు నేను ఇప్పుడు అదే చేస్తా. కోడ్‌లో పనికిరానివన్నీ తీసేసుకుంటూ పోయి, తప్పు ఒక్కటే మిగిలేదాకా కోస్తా. ఏ టెక్స్ట్‌బుక్ చదివి వచ్చింది కాదు అది.

మన సొంత తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి, అన్నీ సార్ల మీద వేస్తే బాగోదు. ఈ మధ్య ఎర్రర్ వస్తే మనం ఏం చేస్తున్నాం? ఎర్రర్ మెసేజ్ చదవకుండానే కాపీ చేసి ఏఐకి పడేస్తున్నాం. అది సరిచేసిన కోడ్ ఇస్తుంది, మనం పేస్ట్ చేస్తాం, నడుస్తుంది. నేనూ చేస్తా, అబద్ధం ఎందుకు. కానీ ఒకరోజు సడన్‌గా అనిపించింది, ఇది రేపల్లె సార్ వీపే కదా అని. దిద్దుబాటు మళ్లీ నా కళ్ల ముందు జరగలేదు. తేడా ఏంటంటే అప్పుడు ఆయన అడ్డం నిలబడ్డాడు, ఇప్పుడు నేనే వెళ్లి అడ్డం పిలుచుకున్నా. ఏఐ వాడొద్దని అనట్లేదు. మొదటి పదిహేను నిమిషాలు మనమే చూద్దాం, అప్పటికీ తెలీకపోతే కోడ్ ఇవ్వమని కాకుండా ఎందుకొచ్చిందో చెప్పమని అడుగుదాం. ఆ తర్వాత కుట్టడం మనమే కుడదాం.

ఇప్పుడు నేను అడగాలనుకున్న మార్పు. రికార్డులో కుడివైపు గీతల పేజీ ఉంటుంది, ఎడమవైపు తెల్ల పేజీ ఉంటుంది. ఈసీఈ వాళ్లు, ట్రిపుల్ఈ వాళ్లు అందులో సర్క్యూట్ బొమ్మలు వేసుకుంటారు. మన సీఎస్‌ఈ వాళ్లం నాలుగు లైన్ల అవుట్‌పుట్ రాసి మిగతాది ఖాళీగా వదిలేస్తాం. ఆ ఖాళీలో మన తప్పు రాసుకుందాం. నాలుగే లైన్లు. ఏం చేశాను, ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఎట్టా బయటపడ్డాను. ప్రతి ఎక్స్‌పరిమెంట్‌కీ ఒకటి. దీనికి సిలబస్ మార్చక్కర్లేదు, యూనివర్సిటీని అడగక్కర్లేదు, కొత్త సిస్టమ్స్ కొనక్కర్లేదు. పేజీ ఆల్రెడీ మన డబ్బులతో కొన్నదే.

సార్లని, మేడమ్‌లని ఒక్కటి అడుగుతాం. వైవాలో పాయింటర్ అంటే ఏంటి అని డెఫినిషన్ అడిగే బదులు ఎడమ పేజీ చూసి ఒక ప్రశ్న అడగండి. కాపీ కొట్టినవాడు కుడి పేజీ ఎక్కడ్నుంచైనా తెచ్చుకోగలడు. ఎడమ పేజీ కూడా కాపీ కొడతాడు అనుకోండి, ఎందుకు జరిగింది అని రెండో ప్రశ్న వేస్తే దొరికిపోతాడు. ఇంకా వీలైతే సెమిస్టర్‌లో మొదటి ల్యాబ్ ఒకటి వెనక్కి రావడం నేర్పడానికే పెట్టండి. అన్‌డూ, పాత వెర్షన్‌కి వెళ్లడం, గిట్‌లో కమిట్ చేసి ఫైల్ మొత్తం చెరిపేసి మళ్లీ తెచ్చుకోవడం. సొంత ఫైల్‌ని సొంత చేత్తో చెరిపి, అది తిరిగి రావడం ఒక్కసారి కళ్లతో చూసిన పిల్లాడు ఆ తర్వాత కీబోర్డ్‌కి భయపడడు. ఈ మాట నేను మా ఇంట్లో చూసి చెప్తున్నా.

ఎర్రర్ రాస్తే మార్కులు తగ్గుతాయేమో అని భయం ఉంటుంది, నాకూ ఉంది. అందుకే అందరం కలిసి మొదలుపెడదామంటున్నా. ఒక్కళ్లు రాస్తే అది వాళ్ల తప్పులా కనపడుతుంది. సెక్షన్ మొత్తం రాస్తే అది మన చదువులా కనపడుతుంది.

పోయిన వారం నాన్న ఫోన్ చేశాడు. బోటులో కొత్తగా చేరిన కుర్రాడికి జీపీఎస్ నేర్పుతున్నాడట. ఎట్టా నేర్పుతున్నావ్ అని అడిగా. "ముందు పుస్తకం చూపించా. తర్వాత ఒక మార్కు చెరపమన్నా. చెయ్యి వణికిందిలే వాడికి" అని నవ్వాడు.

నా ఎడమ పేజీ నేను మొదలుపెట్టా. మొదటి ఎంట్రీ: ఫర్ లూప్ చివర సెమికోలన్, గంటన్నర. మీది ఏంటో రాసి క్లబ్‌కి పంపండి. పేరు పెట్టుకున్నా సరే, పెట్టకపోయినా సరే. వచ్చే సంచికలో అన్నీ ఒకచోట వేద్దాం, జూనియర్లకి మాన్యువల్ కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది.